విరామం ఎవరిది? కార్టూన్ చానల్ బంపర్లూ, పల్లె పిల్లలూ

కార్టూన్ చానల్లో ప్రకటనలకి ముందూ వెనకా వొచ్చే నాలుగైదు సెకన్ల బొమ్మ మీద దళిత అధ్యయనాల పత్రికలో వ్యాసమేంటని అడిగేవాళ్ళుంటారు. భూమి మీద, రిజర్వేషన్ల మీద, కారంచేడు, చుండూరుల మీద రాయాల్సింది ఇంకా కొండంత ఉండగా ఈ బొమ్మల గోల దేనికనీ అంటారు. అననివ్వండి. చుండూరులో గొడవ రాజుకున్నది సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపిన ఆ ఊచకోత వెనక భూమి ఉంది, కూలి ఉంది, చదువుకున్న దళిత కుర్రాళ్ళ మీద కసి ఉంది. వాటితో పాటు తెర ముందు ఎవడు ఎక్కడ కూచోవాలి, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి అన్న ప్రశ్న కూడా ఉంది. తెర మీద ఏముందో మన విమర్శకులు బోలెడు రాశారు. తెర ముందు ఎవరున్నారు, బొమ్మ ఆగినప్పుడు వాళ్ళేం చేశారు అన్నది అంతగా పట్టించుకోలేదు. నేనడగదలిచింది అదే.

టీవీ పనివాళ్ళు ఈ ముక్కని ‘బంపర్’ అంటారు. కార్యక్రమం ఆగి ప్రకటనలు మొదలయ్యే చోట ఒకటి, ప్రకటనలు అయిపోయి మళ్ళీ కార్యక్రమం ఎత్తుకునే చోట ఒకటి. అందులో ఉండేది చానల్ గుర్తు, చిన్న సంగీతం బిట్టు, ఒక గొంతు, ఒక్కోసారి ఒక జోకు. పెద్దవాళ్ళ చానళ్ళలో దీన్ని ఎవరూ చూడరు. పిల్లల చానళ్ళలో మాత్రం దీనికి వేరే పుట్టుక ఉంది.

అమెరికాలో 1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలో కొందరు తల్లులు కలిసి పిల్లల టీవీ కోసం ఒక సంఘం పెట్టారు. పెగ్గీ చారెన్ అనే ఆమె దానికి ముందు నిలబడింది. చిన్నపిల్లలకి కథ ఏదో, సరుకు అమ్మకం ఏదో తేడా తెలీదు. ఆ తెలియకపోవడం మీద కంపెనీలు బతుకుతున్నాయి. దీన్ని ఆపాలి, ఇదీ వాళ్ళ వాదం. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1974లో ఒక విధాన ప్రకటన చేసింది. పిల్లల కార్యక్రమానికీ ప్రకటనకీ మధ్య స్పష్టమైన ఎడం ఉండాలి, కార్యక్రమంలోని బొమ్మే మధ్యలో లేచి సరుకు అమ్మకూడదు అన్నది దాని సారం. ఆ ఎడం చూపించడానికి చానళ్ళు పెట్టుకున్న కంచె పేరే బంపర్. అంటే బంపర్ పిల్లవాడి వైపు నిలబడాల్సిన వస్తువు. ‘ఇక్కడిదాకా కథ, ఇకమీదట వ్యాపారం, చూసుకో’ అని హెచ్చరించడం దాని పని.

కంచెని వ్యాపారం ఎంతకాలం కంచెలా ఉండనిస్తుంది? 1991లో టెడ్ టర్నర్ కంపెనీ హన్నా-బార్బెరా స్టూడియోని కొనేసింది. ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ, యోగీ బేర్ లాంటి పాత సరుకంతా చేతికొచ్చింది. ఆ సరుకు చూపించడానికి 1992 అక్టోబర్ 1న కార్టూన్ నెట్‌వర్క్ పెట్టారు. కథలేమో ముప్ఫయ్యేళ్ళ పాతవి. కొత్తగా చేయగలిగింది కథకీ కథకీ మధ్య ఉన్న ఖాళీనే. చదరంగం పలకలాంటి నలుపు తెలుపు గళ్ళ గుర్తు, దాని చుట్టూ ఆడే బొమ్మలు, అలా మొదలైంది. 1997లో అట్లాంటాకి చెందిన ప్రైమల్ స్క్రీన్ వాళ్ళు కొత్త వరస తయారు చేశారు. దానికి వాడుకున్న సంగీతం రేమండ్ స్కాట్ 1937లో కట్టిన ‘పవర్‌హౌస్’. వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్లలో యంత్రాలు తిరిగే చోటల్లా వినిపించే వరస అదే. ఫ్యాక్టరీ బెల్టు మీద సరుకు కదిలినట్టుండే పాట. 2004లో ఇంకో అడుగు వేశారు. బొమ్మలన్నీ ఒకే నగరంలో ఇరుగుపొరుగుగా బతుకుతున్నట్టు కంప్యూటర్ మీద ఒక ఊరే కట్టేశారు. ఆ ఊళ్ళో అన్ని కథల బొమ్మలూ ఒకే వీధిలో తిరుగుతాయి, పక్కపక్కనే కూచుంటాయి. వెలివాడ లేని ఊరు చూడాలంటే ప్రకటనల విరామం దాకా ఆగాలన్నమాట!

ఎగతాళి పక్కన పెడితే, జరిగింది ఇది. అమ్మకం నుంచి పిల్లవాణ్ణి కాపాడడానికి పుట్టిన ముక్క చానల్‌ని అమ్మే ముక్కగా మారింది. కథ అయిపోతుంది, బంపర్ మాత్రం రోజుకి వంద సార్లు వొస్తుంది. పిల్లవాడికి చివరికి గుర్తుండేది కథ కాదు, దుకాణం పేరు. అందమైన పని కాదని నేననను. గొప్ప పనితనం ఉంది అందులో. రిమోట్ మీదికి పోయే వేలిని ఆపడమే ఆ పనితనమంతా.

ఈ ‘ఆగు, చెప్పేది విను’ అన్న ముక్క మనకి అమెరికా నుంచే వొచ్చిందనుకుంటే పొరపాటు. తోలుబొమ్మలాటలో రామాయణ ఘట్టానికీ ఘట్టానికీ మధ్య కేతిగాడూ, బంగారక్కా, జుట్టుపోలిగాడూ దూకేవాళ్ళు. బూతులాడేవాళ్ళు, ఊరి పెద్దల్ని వెక్కిరించేవాళ్ళు, నిద్రపోతున్నవాణ్ణి లేపేవాళ్ళు. రాముడి కథ ఆగిన చోటే కింది మనుషుల నోరు తెరుచుకునేది. తెలుగు సినిమాకి ‘విశ్రాంతి’ అన్న అట్ట ఉంది. దూరదర్శన్‌కి ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ ఉంది. ప్రభుత్వం మన పల్లెకి క్షమాపణ చెప్పిన సందర్భం బహుశా అదొక్కటే!

వీటన్నిటికంటే ముందుది చాటింపు. ఊళ్ళో పన్ను కట్టమనాలన్నా, కాలవకి నీళ్ళొదులుతున్నారని చెప్పాలన్నా, జాతర అన్నా, వేలం అన్నా వెట్టివాడు డప్పు కొట్టాలి. ఆ వెట్టివాడు మాలో మాదిగో అయి ఉంటాడు. ముందు దెబ్బ, తర్వాత మాట, మళ్ళీ దెబ్బ. ఆ రెండు దెబ్బల మధ్య ఉన్న మాట అతనిది కాదు, కరణానిదీ, మునసబుదీ. దెబ్బ మాత్రం అతనిది. వినేవాళ్ళు అరుగుల మీద, చెప్పేవాడు వీధిలో. ప్రతి వీధి మొగలోనూ ఆగి ఊరందరి చెవులూ తనవైపు తిప్పుకోగలవాడు, ఊళ్ళో ఒక్క ఇంటి గడప కూడా దాటలేడు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ ఉద్యమం ‘దండోరా’ అనే పేరు ఊరికే పెట్టుకోలేదు. వాళ్ళ వార్త మోసిన డప్పుతో మన వార్త చెప్పుకోవడమది. ఆ మరుసటేడే ఢిల్లీలో, బొంబాయిలో గళ్ళ గుర్తు చానల్ దిగింది. రెండూ ఒక్క కాలంలోనే జరిగాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకపక్క చాటింపు వేసేవాడు తన గొంతు తాను వెతుక్కుంటున్నాడు. ఇంకోపక్క కొత్త చాటింపు ఒకటి ఆకాశం నుంచి ఊళ్ళోకి దిగుతోంది. దానికి వెట్టివాడి అవసరం కూడా లేదు.

భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ 1995 మే 1న మొదలైంది. అప్పట్లో అది పూర్తి చానల్ కాదు. ఉదయం అయిదున్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా బొమ్మలు, ఆ తర్వాత అదే చానల్ మీద టీఎన్‌టీ వాళ్ళ పాత హాలీవుడ్ సినిమాలు. 2001 జూలై 1 నుంచే ఇరవై నాలుగ్గంటలూ బొమ్మలయ్యాయి. ఆ మొదటి వేళల్ని డెల్టా పల్లె రోజుతో పోల్చి చూడండి. సర్కారు బడి వదిలేది నాలుగూ నాలుగున్నరకి. మినప తీతల కాలంలో, కోతల కాలంలో బడి లేకపోయినా పిల్లలు చేలోనే ఉంటారు. చెల్లినో తమ్ముణ్నో ఎత్తుకుని, గట్టు మీద క్యారేజీ కాపలా కాస్తూ. అమ్మ చేనుకాడ నుంచి వొచ్చి పొయ్యి ముట్టించే వేళకి అక్కడ నలుపు తెలుపు దొరలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటారు. సంక్షేమ హాస్టలు పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వేళల్ని ఎవరూ మన మీద కక్షతో పెట్టలేదు. అసలు మనం ఉన్నామన్న సంగతే వాళ్ళ లెక్కలో లేదు. కక్షకంటే ఇది మర్యాదగా ఉంటుంది, అంతే తేడా.

మాది గుడివాడ అవతల ఒక పల్లె. కేబుల్ వైరు ముందు ఊళ్ళోకి వొచ్చింది. మా పల్లెకి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మధ్యలో ఉన్నది ఒక పంటబోదె, దాని మీద తాటి దుంగ. మా అమ్మ పనిచేసే ఆసామి ఇంట్లో కలర్ టీవీ ఉండేది. ఆదివారాలు అక్కా నేనూ అమ్మ వెంట వెళ్ళి వసారాలో, గుమ్మానికి ఇవతల కూచునేవాళ్ళం. ఆ ఇంటి పిల్లలు లోపల మంచం మీద. బొమ్మ ఆగి బంపర్ పడగానే లోపలి నుంచి అమ్మగారి కేక వినిపించేది: ‘బొమ్మాగిందిగా, ఆ పేడ తీసి రావే.’ అక్క లేచేది. నేను చిన్నోణ్ణి, పైగా మగపిల్లాణ్ణి, నన్ను లేపేవాళ్ళు కాదు. గొడ్ల సావిట్లో పేడ ఎత్తుతూ అక్క చెవి ఇటే పెట్టేది. మొదటి పాట పోవడానికి, రెండో పాట రావడానికి. ఆ రెండో పాట వినపడగానే గోలెంలో చేతులు ముంచుకుని పరిగెత్తుకొచ్చేది. ఆ లోపల సగం సీను అయిపోయేది, నేను చెప్పేవాణ్ణి.

ఇప్పుడు అక్కకి ఇద్దరు పిల్లలు. ఆ చానల్లో వొచ్చిన ప్రకటన ఒక్కటి కూడా తనకి గుర్తు లేదు. ఏ బిస్కెట్టో, ఏ పాలల్లో కలిపే పొడో చెప్పలేదు. బంపర్ సంగీతం మాత్రం ఇప్పటికీ గొంతుతో అనేస్తుంది, ఒక్క గమకం పోకుండా. నాకు ప్రకటనలన్నీ గుర్తున్నాయి.

చానల్ వాళ్ళ లెక్కలో బంపర్ పని, పిల్లవాణ్ణి ప్రకటనల దాకా పట్టి ఉంచడం. ‘ఎక్కడికీ పోకు’ అన్నది దాని అర్థం. మంచం మీద కూచున్న పిల్లలకి ఆ అర్థం సరిగ్గా చేరింది. గుమ్మం ఇవతల ఉన్న పిల్లకి అదే పాట పనిగంట. ఒకే నాలుగు సెకన్ల ముక్క ఒకరికి ‘ఉండు’ అంది, ఇంకొకరికి ‘లే’ అంది. మీడియా మీద నగరాల్లో రాసే విమర్శ అంతా సోఫా మీది పిల్లవాణ్ణి పట్టుకునే నడుస్తుంది. వాడు వినియోగదారుడు అయిపోతున్నాడు, వాడి మెదడు పాడైపోతోంది, వాడి బాల్యం పోయింది అంటూ. ప్రకటన కూడా చూసే తీరిక లేని పిల్ల ఆ విమర్శలో ఎక్కడుంది? ఆమెను వినియోగదారుగా కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. విరామం అంటే కొందరికి విశ్రాంతి. ఆ విశ్రాంతిలో ఇల్లు నడవడానికి ఇంకొకరు పనిచెయ్యాలి. ఇది కార్టూన్ చానల్ కనిపెట్టింది కాదు, మనకి తెలిసిన ఊరి లెక్కే. చానల్ దానికి టైము కట్టింది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1995 కేబుల్ టీవీ చట్టం కింద 1994 నుంచే ఉన్న నియమాల్లో ఏడో నియమం ప్రకటనల గురించి. జాతినీ, కులాన్నీ, రంగునీ వెక్కిరించే ప్రకటన వెయ్యకూడదు. పిల్లల్ని అడుక్కుంటున్నట్టో, కించపరిచేలాగో చూపించకూడదు. ప్రకటన కార్యక్రమం నుంచి వేరుగా తెలియాలి. 2006లో ఇంకొకటి చేర్చారు: గంటకి పన్నెండు నిమిషాలకి మించి ప్రకటనలు ఉండకూడదు, అందులో పది నిమిషాలు వ్యాపార ప్రకటనలకి, రెండు నిమిషాలు చానల్ తన గొప్ప తాను చెప్పుకోవడానికి. ఈ రెండు నిమిషాల మాట చాలా విలువైనది. చానల్ తనని తాను చూపించుకోవడం కూడా అమ్మకమేనని ప్రభుత్వం లెక్కకట్టి మరీ ఒప్పుకుంది. 1974లో అమెరికా తల్లులు పెట్టించిన కంచె ఇక్కడికొచ్చేసరికి కంచె పేరు కూడా పోగొట్టుకుని సరుకుల పద్దులోకి చేరింది. ఇక కులం సంగతంటారా, వెక్కిరిస్తే తప్పు. అసలు లేకుండా చేస్తే ఏ నియమమూ అడ్డు రాదు.

భాష దగ్గరికి వద్దాం. మొదట అంతా ఇంగ్లీషే. 1999 నుంచి హిందీ డబ్బింగ్ కలిసింది, తమిళం, తెలుగు ఆ తర్వాత. ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చెప్పాలి, ఎందుకంటే రాజకీయం అంతా అందులోనే ఉంది. ఒకే బొమ్మ మీద రెండు మూడు భాషల గొంతులు పంపుతారు. బొమ్మ అందరికీ ఒకటే. కాబట్టి గొంతు తెలుగైనా తెర మీద అక్షరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. పాత కేబుల్ రోజుల్లో ఆ గొంతుల్లో ఏది ఎంచుకోవాలన్నది ఇంట్లో కూచున్నవాడి చేతిలో లేదు. ఆపరేటర్ గదిలో డబ్బా దగ్గర ఏ భాష పెడితే ఆ వైరు పోయినంత మేరా అదే భాష. విజయవాడలో గానీ, గుడివాడలో గానీ, ఉయ్యూరులో గానీ పిల్లలు ఏ భాషలో నవ్వాలో ఆపరేటర్ నిర్ణయించేవాడు. ఊరి మీద పెత్తనం ఉన్న కులాల చేతుల్లోనే చాలాచోట్ల ఆ గది కూడా ఉండేది. ‘మా పిల్లలకి ఇంగ్లీషు వస్తుంది, ఇంగ్లీషు పెట్టు’ అని నాలుగు పెద్దిళ్ళు ఫోన్ చేస్తే చాలు. పల్లెలో ఫోన్ ఎక్కడిది? సెట్‌టాప్ బాక్సులు వొచ్చాకే భాష మీట మన చేతికొచ్చింది.

సన్ నెట్‌వర్క్ 2009లో ఖుషి టీవీ పెట్టింది, తెలుగు పిల్లల కోసమే. నేను దీన్ని తక్కువ చెయ్యను. ‘ఇప్పుడు విరామం’ అన్న మాట మన పిల్ల అమ్మకి అనువదించి చెప్పాల్సిన అవసరం లేకుండా పోవడం చిన్న సంగతేం కాదు. కానీ ఏ తెలుగు అది? బళ్ళో పంతులమ్మ మాట్లాడే తెలుగు, డబ్బింగ్ థియేటర్లో ఉతికి ఇస్త్రీ చేసిన తెలుగు. పండితులు దానికి ‘శిష్ట వ్యావహారికం’ అని పేరు పెట్టారు. కృష్ణా, గోదావరి డెల్టాల మాటే తెలుగంతటికీ ప్రమాణమైందని మా జిల్లావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అందులో ‘శిష్ట’ అన్న ముక్కని ఎవరూ విప్పి చూడరు. ప్రమాణమైంది ఊరి మాట, పల్లె మాట కాదు. ఒకే నీళ్ళు తాగి, ఒకే కాలవ గట్టున పెరిగి కూడా మా అక్క మాటలు చానల్లో వినిపిస్తే అవి హాస్యగాడి మాటలే అయి ఉంటాయి.

డెల్టా పేరు కార్టూన్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళలేదా అంటే వెళ్ళింది. 2003లో తిరువనంతపురం కంపెనీ టూంజ్ తయారు చేసిన తెనాలి రామన్ కథలు ఆ చానల్లో వొచ్చాయి. విజయవాడకి కూతవేటు దూరంలో ఉన్న తెనాలి పేరు దేశమంతా పిల్లల నోట్లో ఆడింది. సంతోషమే. ఆ పేరుతో వెళ్ళింది రాయలవారి సభలో బ్రాహ్మణ కవి. తెనాలి చుట్టూ ఉన్న పల్లెల్లో పిల్లలకి చెప్పే కథలు లేవా? ప్రపంచం పుట్టకముందే జాంబవుడు పుట్టాడని చెప్పే జాంబపురాణంలో బొమ్మ గియ్యడానికి పనికొచ్చేది ఏమీ లేదా? సరే, హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ వాళ్ళు చేసి 2008లో పోగో చానల్‌కిచ్చిన ఛోటా భీమ్‌నే తీసుకోండి. అప్పటి మన రాజధానిలో గీసిన బొమ్మే కదా. భీముడు తెల్లగా ఉంటాడు, లడ్డూలు తింటాడు, రాజుగారిని కాపాడతాడు. వాడితో పోటీపడి ప్రతిసారీ ఓడిపోయే లావుపాటి పిల్లవాడి పేరు కాలియా. పేరులోనే నలుపుంది. నల్లగా ఉన్న పిల్లని బళ్ళో ఏమని పిలుస్తున్నారో ఈ పత్రిక చదివే టీచర్లకి నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ పరిశోధించాలంటే ఆధారాలు ఎక్కడున్నాయి? కథలకి కాపీలుంటాయి, హక్కులుంటాయి, డీవీడీలుంటాయి. బంపర్‌ని ప్రసారమయ్యాక ఎవరూ దాచి జనానికి అందుబాటులో పెట్టలేదు. ఇప్పుడు మిగిలినవి ఎక్కువ భాగం ఇళ్ళల్లో వీడియో క్యాసెట్ల మీద అనుకోకుండా రికార్డయినవి. అంటే ఆ రోజుల్లో వీసీఆర్ ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోవి. ఆ క్యాసెట్ల మీద ఆధారపడి రాసే చరిత్ర వీసీఆర్ ఉన్న బాల్యం చరిత్రే అవుతుంది. మన దగ్గర క్యాసెట్ లేదు, మనిషి ఉన్నాడు. గోలెంలో చేతులు కడుక్కున్న పిల్లలు ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళు. కొందరు అంగన్‌వాడీల్లో ఉన్నారు, కొందరు ఆటోలు తోలుతున్నారు. విద్యార్థులు అడగదలుచుకుంటే ‘ఏ బొమ్మ చూశావు’ అని అడక్కండి. ‘బొమ్మ ఆగినప్పుడు ఏం చేశావు’ అని అడగండి.

కేబుల్ వైరు లాగిన కుర్రాళ్ళని కూడా అడగాలి. గది పెద్దకులం వాళ్ళదైనా స్తంభాలెక్కింది మాత్రం ఎక్కువగా మన పిల్లలే. వాళ్ళలో ఒకతను కృష్ణలంకలో ఉంటాడు, ఇప్పుడు ఇంటర్నెట్ వైర్లు లాగుతున్నాడు. కార్టూన్ నెట్‌వర్క్ గళ్ళ గుర్తు గురించి అడిగితే నవ్వాడు. కొత్త కనెక్షన్ ఇచ్చినప్పుడు బొమ్మ నీడలు పడుతోందా లేదా చూడడానికి దాన్ని మించింది లేదన్నాడు. నలుపు తెలుపు గళ్ళు కదా, అంచులు కత్తిరించినట్టుంటాయి. వైరులో లోపముంటే గడి పక్కన ఇంకో గడి నీడ కనపడుతుంది. అందుకని టీవీ పెట్టగానే ఆ చానల్ తిప్పి, బ్రేక్ వొచ్చేదాకా గుమ్మంలో నిలబడేవాడట. కూచోమని ఎవరన్నా అనేవాళ్ళా అని అడిగాను. ‘పని చూసుకుని పోవడమేగా’ అన్నాడు.